జీవితకాల విభాజనాలు (విశ్వసనీయతా విశ్లేషణ)

విశ్వసనీయతా విశ్లేషణలో ఒక విడిభాగం గాని, అనేక విడిభాగాలు కలిసిన వ్యవస్థ గాని చెడిపోకుండా ఎంతకాలం పనిచేస్తుందో వర్ణించే సంభావ్యతా విభాజనాలను జీవితకాల విభాజనాలు అంటారు. ఒకే కర్మాగారంలో, ఒకే రోజున, ఒకే పద్ధతిలో తయారైన రెండు బల్బులు ఒకే రోజున మాడిపోవు. కాబట్టి ఒక వస్తువు జీవితకాలాన్ని ఒక స్థిర సంఖ్యగా కాక యాదృచ్ఛిక చలరాశిగా పరిగణించాలి. ఈ చలరాశి ఋణాత్మక విలువలు తీసుకోదు. ఘాతీయ, వైబుల్, లాగ్‌నార్మల్, గామా, లాగ్-లాజిస్టిక్ విభాజనాలు ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి.

హామీ కాలాన్ని నిర్ణయించడానికి, విడిభాగాలను ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడానికి, ఎన్ని విడిభాగాలను నిల్వ ఉంచుకోవాలో లెక్కకట్టడానికి ఈ విభాజనాలు ఉపయోగపడతాయి. విమానాలు, ఉపగ్రహాలు, విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లు, వైద్య పరికరాలు మొదలుకొని పొలంలోని బోరు మోటారు వరకు వీటి అనువర్తనాలు విస్తరించి ఉన్నాయి.

మౌలిక భావనలు

ఈ వ్యాసంలో కాలాన్ని "కా" అనే అక్షరంతోను, సహజ సంవర్గమానాల ఆధారసంఖ్యను (సుమారు 2.718) "ఇ" అనే అక్షరంతోను సూచించడం జరిగింది. "^" గుర్తు ఘాతాన్ని సూచిస్తుంది.

విశ్వసనీయతా ప్రమేయం, వి(కా): వస్తువు "కా" కాలం దాటి కూడా పనిచేస్తూ ఉండే సంభావ్యత. వస్తువు కొత్తగా ఉన్నప్పుడు దీని విలువ 1. కాలం గడిచేకొద్దీ ఇది తగ్గుతూ 0ను సమీపిస్తుంది. జీవశాస్త్రంలోను, వైద్యంలోను దీనినే జీవన ప్రమేయం అంటారు.

సంచిత విభాజన ప్రమేయం: "కా" కాలం లోపల వస్తువు చెడిపోయే సంభావ్యత. ఇది 1 − వి(కా)కు సమానం.

సాంద్రతా ప్రమేయం, సా(కా): సంచిత విభాజన ప్రమేయపు అవకలజం. వైఫల్యాలు కాలరేఖ మీద ఎక్కడ దట్టంగా ఉన్నాయో, ఎక్కడ పలుచగా ఉన్నాయో ఇది చూపుతుంది.

వైఫల్య రేటు, రే(కా): సా(కా)ను వి(కా)తో భాగిస్తే వస్తుంది. "ఇంతవరకు చెడిపోకుండా నిలిచిన వస్తువు ఇప్పుడు, ఈ క్షణంలో చెడిపోయే ప్రమాదం ఎంత?" అన్న ప్రశ్నకు ఇది సమాధానం. ఇది సంభావ్యత కాదు, కాలానికి ఇంత అని చెప్పే రేటు. కాబట్టి దీని విలువ 1 కంటె ఎక్కువ కావచ్చు.

సగటు జీవితకాలం: విశ్వసనీయతా ప్రమేయాన్ని 0 నుండి అనంతం వరకు సమాకలనం చేస్తే వచ్చే విలువ. ఇది మధ్యగతంతో సమానం కానక్కరలేదు. సగటు జీవితకాలం 10 సంవత్సరాలు అన్నంత మాత్రాన సగం వస్తువులు 10 సంవత్సరాలు నిలుస్తాయని అర్థం కాదు.

ఈ ప్రమేయాలలో ఏ ఒక్కటి తెలిసినా మిగిలిన వాటిని రాబట్టవచ్చు.

స్నానపుతొట్టి వక్రరేఖ

వైఫల్య రేటు కాలంతోపాటు ఎలా మారుతుందో చూపే రేఖాచిత్రాన్ని పాఠ్యపుస్తకాలలో స్నానపుతొట్టి ఆకారంలో గీస్తారు. ఇందులో మూడు దశలు ఉన్నాయి.

శైశవ దశ: తయారీ లోపాలు, అమర్చడంలో పొరపాట్లు ఈ దశలో బయటపడతాయి. లోపమున్నవి ముందే రాలిపోతాయి కనుక మిగిలినవాటి వైఫల్య రేటు తగ్గుతూ వస్తుంది.

మధ్య దశ: వైఫల్యాలు పిడుగుపాటు, వోల్టేజి హెచ్చుతగ్గులు వంటి బయటి కారణాల వలన, వయసుతో సంబంధం లేకుండా సంభవిస్తాయి. రేటు దాదాపు స్థిరంగా ఉంటుంది.

వార్ధక్య దశ: అరుగుదల, తుప్పు, ఇన్సులేషన్ క్షీణించడం వంటి వాటి వలన రేటు పెరుగుతుంది.

అయితే అన్ని వస్తువులూ ఈ వక్రరేఖను అనుసరించవు. అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలన్, హీప్ 1978లో ప్రచురించిన నివేదిక ప్రకారం విమాన విడిభాగాలలో 4 శాతం మాత్రమే పూర్తి స్నానపుతొట్టి ఆకారాన్ని చూపాయి. 68 శాతం భాగాలలో మొదట తగ్గి, తరువాత స్థిరంగా ఉండే రేటు కనిపించింది. 89 శాతం భాగాలలో వయసును బట్టి ముందుగానే మార్చడం వలన ప్రయోజనం లేదని తేలింది. అంతవరకు కాలపరిమితి ప్రకారం భాగాలను విప్పి మార్చడమే భద్రత అన్న నమ్మకం బలంగా ఉండేది. ఈ నివేదిక తరువాత విమానాల నిర్వహణ పద్ధతులు మారాయి.

ప్రధాన విభాజనాలు

ఘాతీయ విభాజనం

ఇది అన్నింటికంటె సరళమైనది. దీని విశ్వసనీయతా ప్రమేయం:

వి(కా) = ఇ ^ (−రే × కా)

ఇక్కడ వైఫల్య రేటు "రే" ఒక స్థిరాంకం. సగటు జీవితకాలం 1/రే. ఈ విభాజనానికి "జ్ఞాపకం లేకపోవడం" అనే ప్రత్యేక ధర్మం ఉంది. అనగా మూడు సంవత్సరాలు పనిచేసిన వస్తువుకు, ఈరోజే కొన్న వస్తువుకు రాబోయే సంవత్సరంలో చెడిపోయే సంభావ్యత ఒక్కటే. అవిచ్ఛిన్న విభాజనాలలో ఈ ధర్మం దీనికి మాత్రమే ఉంది. ఎలక్ట్రానిక్ భాగాలకు, అనేక భాగాలు గల మరమ్మతు చేయదగిన పెద్ద వ్యవస్థలకు ఇది బాగా సరిపోతుంది. అరిగిపోయే యంత్రభాగాలకు సరిపోదు.

వైబుల్ విభాజనం

వి(కా) = ఇ ^ (−(కా / మా) ^ ఆ)

ఇందులో "మా" మాన పరామితి, "ఆ" ఆకార పరామితి. ఆకార పరామితి 1 కంటె తక్కువైతే వైఫల్య రేటు తగ్గుతుంది. 1కి సమానమైతే స్థిరంగా ఉంటుంది, అప్పుడిది ఘాతీయ విభాజనమే. 1 కంటె ఎక్కువైతే రేటు పెరుగుతుంది. విలువ 2 అయినప్పుడు దీనిని రేలీ విభాజనం అంటారు. స్నానపుతొట్టి మూడు దశలను ఒకే సూత్రంతో, ఒక పరామితిని మార్చి వర్ణించగలగడం దీని ప్రాచుర్యానికి ముఖ్య కారణం.

కాలం మాన పరామితికి సమానమైనప్పుడు, ఆకారం ఏదైనా సరే, 63.2 శాతం వస్తువులు చెడిపోయి ఉంటాయి. మాన పరామితి 5 సంవత్సరాలు అనుకొని లెక్కకట్టిన విలువలు ఈ క్రింది పట్టికలో ఉన్నాయి.

| వివరం | ఆ = 0.5 | ఆ = 1 | ఆ = 2 |
|---|---|---|---|
| 2 సంవత్సరాలు దాటే సంభావ్యత | 0.531 | 0.670 | 0.852 |
| 5 సంవత్సరాలు దాటే సంభావ్యత | 0.368 | 0.368 | 0.368 |
| 8 సంవత్సరాలు దాటే సంభావ్యత | 0.282 | 0.202 | 0.077 |
| సగటు జీవితకాలం (సంవత్సరాలు) | 10 | 5 | 4.43 |
| మధ్యగత జీవితకాలం (సంవత్సరాలు) | 2.40 | 3.47 | 4.16 |

మొదటి నిలువు వరుసలో సగటు 10 సంవత్సరాలు. అయినా సగం వస్తువులు 2.40 సంవత్సరాలకే చెడిపోతున్నాయి. చాలాకాలం మన్నిన కొద్ది వస్తువులు సగటును పైకి లాగడమే దీనికి కారణం. కేవలం సగటును చూసి వస్తువు నాణ్యతను నిర్ణయించరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

లాగ్‌నార్మల్ విభాజనం

జీవితకాలపు సంవర్గమానం సామాన్య విభాజనాన్ని అనుసరిస్తే జీవితకాలం లాగ్‌నార్మల్ విభాజనాన్ని అనుసరిస్తుంది. చిన్న చిన్న నష్టాలు ఒకదానితో ఒకటి గుణించబడుతూ పెరిగే చోట ఇది సహజంగా వస్తుంది. లోహాలలో పగుళ్ళు పెరగడం, అర్ధవాహక పరికరాలలోని సన్నని లోహపు తీగలు క్షీణించడం ఇందుకు ఉదాహరణలు. మరమ్మతుకు పట్టే సమయాన్ని వర్ణించడానికి కూడా దీనిని వాడతారు. దీని వైఫల్య రేటు మొదట పెరిగి, తరువాత తగ్గుతుంది.

గామా విభాజనం

ఒకే రేటు గల అనేక ఘాతీయ జీవితకాలాల మొత్తం గామా విభాజనాన్ని అనుసరిస్తుంది. ఒక పరికరం చెడిపోగానే దాని స్థానంలో నిల్వ ఉన్న రెండవది, అది చెడిపోగానే మూడవది పనిలోకి వచ్చే ఏర్పాటుకు ఇది సరిపోతుంది.

లాగ్-లాజిస్టిక్ విభాజనం

వి(కా) = 1 / (1 + (కా / మా) ^ ఆ)

దీని మధ్యగతం మాన పరామితికి సమానం. ఆకార పరామితి 1 కంటె ఎక్కువైనప్పుడు వైఫల్య రేటు ఒక గరిష్ఠ స్థాయికి పెరిగి, ఆపై తగ్గుతుంది. లాగ్‌నార్మల్‌ను పోలి ఉన్నా, దీని ప్రమేయాలను సమాకలనాలు లేకుండా నేరుగా లెక్కకట్టవచ్చు.

ఇతర విభాజనాలు

లోహపు అలసటను వర్ణించడానికి బిర్న్‌బామ్, సాండర్స్ 1969లో ప్రతిపాదించిన విభాజనం, మానవ మరణాల రేటు వయసుతో ఘాతీయంగా పెరుగుతుందని 1825లో చెప్పిన గొంపర్ట్జ్ సూత్రం కూడా ఈ కోవకు చెందినవే. సామాన్య విభాజనం ఋణాత్మక విలువలకు కూడా సంభావ్యతను ఇస్తుంది. కాబట్టి సగటుతో పోలిస్తే విచలనం చాలా తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే దానిని జీవితకాలాలకు వాడవచ్చు.

వ్యవస్థల జీవితకాలం

శ్రేణి వ్యవస్థలో ఏ ఒక్క భాగం చెడినా మొత్తం ఆగిపోతుంది. భాగాలు పరస్పరం స్వతంత్రమైతే వ్యవస్థ విశ్వసనీయత వాటి విశ్వసనీయతల లబ్ధం. ఉదాహరణకు ఒక పంటకాలం పాటు స్టార్టరు 0.95, కేబులు 0.98, మోటారు 0.90, పంపు 0.96 సంభావ్యతతో పనిచేస్తాయనుకుంటే, నీరు ఆగకుండా వచ్చే సంభావ్యత 0.95 × 0.98 × 0.90 × 0.96 = 0.804. విడివిడిగా అన్నీ బాగున్నట్లే కనిపించినా, మొత్తం మీద ఐదింట ఒక వంతు ప్రమాదం ఉంది.

శ్రేణి వ్యవస్థలో భాగాలన్నీ ఘాతీయ విభాజనాన్ని అనుసరిస్తే వాటి రేట్లను కూడితే వ్యవస్థ రేటు వస్తుంది. ఒకే ఆకార పరామితి గల వైబుల్ భాగాల శ్రేణి వ్యవస్థ కూడా వైబుల్ విభాజనాన్నే అనుసరిస్తుంది. గొలుసు బలం దాని అతి బలహీనమైన లంకె బలమే అన్న భావన దీనికి మూలం.

సమాంతర వ్యవస్థలో అన్ని భాగాలూ చెడితేనే వ్యవస్థ ఆగుతుంది. 0.80 విశ్వసనీయత గల రెండు బోర్లు ఉంటే కనీసం ఒకటైనా పనిచేసే సంభావ్యత 1 − (0.20 × 0.20) = 0.96. ఈ లెక్క రెండు బోర్లు స్వతంత్రమైనప్పుడే చెల్లుతుంది. రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద నడుస్తున్నా, భూగర్భ జలమట్టం పడిపోయి రెండూ ఒకేసారి ఎండిపోయినా ఈ విలువ తగ్గుతుంది. ఇటువంటి ఉమ్మడి కారణాలను విస్మరించడం విశ్వసనీయతా లెక్కలలో తరచు జరిగే పొరపాటు.

అసంపూర్ణ సమాచారం

జీవితకాలాలపై సేకరించే సమాచారం సాధారణంగా అసంపూర్ణంగా ఉంటుంది. పరిశీలన ముగిసేనాటికి కొన్ని వస్తువులు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. వాటి జీవితకాలం ఎంతో తెలియదు, ఇంతకంటె ఎక్కువ అని మాత్రమే తెలుసు. దీనిని సెన్సారింగ్ అంటారు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. పది కొత్త మోటార్లను 3 సంవత్సరాలు పరిశీలించగా నాలుగు 0.5, 1.2, 2.0, 2.7 సంవత్సరాలకు కాలిపోయాయి. ఆరు ఇంకా నడుస్తున్నాయి. కాలిపోయిన నాలుగింటి సగటు మాత్రమే తీసుకుంటే 6.4 / 4 = 1.6 సంవత్సరాలు వస్తుంది. ఇది తప్పు. నడుస్తున్న ఆరు మోటార్లు పనిచేసిన 18 సంవత్సరాలను కూడా కలపాలి. ఘాతీయ విభాజనాన్ని అనుకుంటే, మొత్తం పనిచేసిన కాలాన్ని వైఫల్యాల సంఖ్యతో భాగించాలి: 24.4 / 4 = 6.1 సంవత్సరాలు. రెండు సమాధానాల మధ్య దాదాపు నాలుగు రెట్ల తేడా ఉంది. విభాజనం ఏదో ముందుగా అనుకోకుండా విశ్వసనీయతా ప్రమేయాన్ని అంచనా వేయడానికి కప్లాన్, మేయర్ 1958లో ప్రచురించిన పద్ధతిని వాడతారు.

దీనికి వ్యతిరేక దిశలో కూడా పొరపాటు జరగవచ్చు. ఒక నాడు ఊరిలో నడుస్తున్న మోటార్లను మాత్రమే ఎంచుకొని, అవి కాలిపోయేవరకు వేచి వాటి పూర్తి జీవితకాలాల సగటు కడితే అది నిజమైన సగటు కంటె ఎక్కువగా వస్తుంది. ఎక్కువకాలం మన్నే మోటారు మన కంటబడే అవకాశం ఎక్కువ, త్వరగా కాలిపోయేది మనం వెళ్ళేసరికే పోయి ఉంటుంది. ఘాతీయ విభాజనంలో ఈ అంచనా నిజమైన సగటుకు రెట్టింపు అవుతుంది.

ఉదాహరణ: బోరుబావి మోటార్లు

పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు రాయలసీమ పడమటి మెట్టభూములు. ఇక్కడి భూగర్భంలో గ్రానైటు, నైసు వంటి గట్టి రాళ్ళున్నాయి. నీరు రాతి పగుళ్ళలో మాత్రమే దొరుకుతుంది. టమాటా, మల్బరీ వంటి పంటలకు నీరు ఎక్కువగా బోరుబావుల నుండి, నీటిలో మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ మోటార్ల ద్వారా వస్తుంది. కాపు మీద ఉన్న పంటకు కొద్ది రోజులు నీరు ఆగినా నష్టం తీవ్రంగా ఉంటుంది. మోటారు కాలితే వైండింగు ఖర్చుతోపాటు పైపులను ఎత్తి దించే ఖర్చు కూడా రైతు మీద పడుతుంది. కాబట్టి మోటారు జీవితకాలం ఇక్కడ కేవలం గణిత సమస్య కాదు.

మోటారు చెడిపోయే కారణాలను మూడు దశలకు అన్వయించవచ్చు.

మొదటి వారాలలో: వైండింగులో లోపం, నీటిలో ఉండే కేబుల్ జాయింటు సరిగా చుట్టకపోవడం. ఆకార పరామితి 1 కంటె తక్కువ.

ఎప్పుడైనా: పిడుగుపాటు, మూడు ఫేజులలో ఒకటి పోవడం, వోల్టేజి బాగా పడిపోవడం. ఆకార పరామితి 1కి దగ్గరగా ఉంటుంది. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజి 20 శాతం తగ్గితే ఆ బలం 36 శాతం తగ్గుతుంది. అదే భారాన్ని లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకొని వేడెక్కుతుంది.

కొన్నేళ్ళ తరువాత: ఇసుక వలన ఇంపెల్లర్లు, బుష్‌లు అరగడం, ఇన్సులేషన్ వయసు మళ్ళడం. ఆకార పరామితి 1 కంటె ఎక్కువ. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు ఇన్సులేషన్ జీవితకాలం సుమారు సగమవుతుందని ఇంజనీర్లు ఒక స్థూల సూత్రాన్ని పాటిస్తారు. బోరులో నీరు తగ్గి మోటారు ఉత్తగా తిరిగినప్పుడు చల్లబరిచే నీరు లేక ఈ క్షీణత మరింత వేగవంతమవుతుంది.

ఈ మూడు రకాల కారణాలలో ఏది ముందు వస్తే దానితో మోటారు ఆగుతుంది. అనగా ఇవి ఒక శ్రేణి వ్యవస్థలోని భాగాల వంటివి. ఇటువంటి నమూనాను పోటీపడే ప్రమాదాల నమూనా అంటారు.

ఏ కారణం ప్రబలంగా ఉందో తెలిస్తే తీసుకోవలసిన జాగ్రత్త కూడా మారుతుంది. మాన పరామితి 5 సంవత్సరాలుగా తీసుకొని, రాబోయే ఒక సంవత్సరం నిలిచే సంభావ్యతను కొత్త మోటారుకు, 3 సంవత్సరాలు నడిచిన మోటారుకు లెక్కకడితే ఈ క్రింది విలువలు వస్తాయి.

| ఆకార పరామితి | కొత్త మోటారు | 3 సంవత్సరాలు నడిచినది |
|---|---|---|
| 0.5 | 0.639 | 0.887 |
| 1 | 0.819 | 0.819 |
| 2 | 0.961 | 0.756 |

ఆకార పరామితి 2 అయితే పాత మోటారును పంటకాలానికి ముందే విప్పించి చూపించుకోవడం మేలు. 1 అయితే మోటారు మార్చడం వలన లాభం లేదు. ఫేజు పోయినప్పుడు ఆపివేసే రక్షణ పరికరం మీద పెట్టిన ఖర్చే ఫలిస్తుంది. 0.5 అయితే బాగా నడుస్తున్న పాత మోటారును తీసి కొత్తది వేయడం ప్రమాదాన్ని పెంచుతుంది. అటువంటి చోట హామీ కాలం విలువైనది.

మోటారు వయసును సంవత్సరాలలో కంటె నడిచిన గంటలలో కొలవడం మంచిది. రోజుకు 9 గంటల చొప్పున 200 రోజులు నడిచిన మోటారు 1,800 గంటలు పనిచేసినట్లు. ఎండిన బోరులో ఊరకే ఉన్న మోటారుతో దానిని సంవత్సరాల లెక్కన పోల్చడం తగదు. అలాగే వైండింగు చేయించిన మోటారు పూర్తిగా కొత్తది కాదు. తీగచుట్ట కొత్తదైనా బుష్‌లు, ఇంపెల్లర్లు పాతవే. దీనిని అసంపూర్ణ మరమ్మతు అంటారు.

చరిత్ర

జీవితకాలాల గణాంక పరిశీలన మనుషులతోనే మొదలైంది. బ్రెస్లావ్ నగరపు మరణాల ఆధారంగా ఎడ్మండ్ హేలీ 1693లో జీవన పట్టికను ప్రచురించాడు. స్వీడన్ ఇంజనీరు వాలొడ్డీ వైబుల్ (1887–1979) పదార్థాల బలాన్ని అధ్యయనం చేస్తూ 1939లో తన విభాజనాన్ని వివరించాడు. 1951లో వెలువడిన వ్యాసంతో అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఇదే రూపాన్ని అంతకుముందే 1927లో ఫ్రెషే గరిష్ఠ, కనిష్ఠ విలువల సిద్ధాంతంలోను, 1933లో రోజిన్, రామ్లర్ పొడి రేణువుల పరిమాణాల విషయంలోను ఉపయోగించారు. బాల్ బేరింగుల జీవితకాలానికి లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ 1947లో దీనిని అన్వయించారు. పది శాతం బేరింగులు చెడిపోయే కాలాన్ని ప్రమాణంగా తీసుకునే పద్ధతి నేటికీ కొనసాగుతోంది. ఘాతీయ విభాజనం ఆధారంగా జీవితకాల పరీక్షల సిద్ధాంతాన్ని ఎప్‌స్టీన్, సోబెల్ 1953లో రూపొందించారు.

తెలుగువారి కృషి

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) 1945లో ప్రచురించిన వ్యాసంలోని క్రామర్–రావు అవధి, ఒక పరామితిని ఎంత కచ్చితంగా అంచనా వేయగలమో నిర్ణయిస్తుంది. జీవితకాల విభాజనాల పరామితులకూ ఇది వర్తిస్తుంది. ఆయన 1965లో అభివృద్ధి చేసిన భారిత విభాజనాల సిద్ధాంతం, ఎక్కువకాలం మన్నే వస్తువులే ఎక్కువగా నమూనాలోకి రావడం వంటి సమస్యలను ఒకే చట్రంలోకి తెచ్చింది.

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.ఆర్.ఎల్. కాంతం, కె. రోశయ్య, జి. శ్రీనివాసరావు లాగ్-లాజిస్టిక్ విభాజనం ఆధారంగా వస్తువుల అంగీకార పరీక్షా పథకాలను రూపొందించి 2001లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ స్టాటిస్టిక్స్ పత్రికలో ప్రచురించారు. ఒక సరుకును అంగీకరించాలా, తిరస్కరించాలా అని నిర్ణయించడానికి అన్ని వస్తువులూ చెడిపోయేవరకు వేచి ఉండనక్కరలేకుండా, ముందుగా నిర్ణయించిన కాలంలో పరీక్షను ముగించడానికి కనీసం ఎన్ని వస్తువులను పరీక్షించాలో ఈ పథకాలు తెలుపుతాయి.

పరిమితులు

తక్కువ సమాచారం ఉన్నప్పుడు వైబుల్, లాగ్‌నార్మల్, గామా విభాజనాలు మూడూ ఒకేలా సరిపోయినట్లు కనిపిస్తాయి. పరిశీలించిన కాలం లోపల వాటి అంచనాలు దగ్గరగానే ఉన్నా, అంతకు మించిన కాలానికి పొడిగిస్తే ఎంతో తేడా వస్తుంది. మూడేళ్ళ సమాచారంతో ఇరవై ఏళ్ళ భవిష్యత్తు చెప్పడం ప్రమాదకరం.

ఏ విభాజనమైనా ఒక సమూహాన్ని గూర్చి చెబుతుంది గాని ఒక్క వస్తువును గూర్చి చెప్పదు. వందలో ఎన్ని మోటార్లు ఈ ఏడు కాలిపోవచ్చునో చెప్పగలదు, ఎవరి మోటారు కాలుతుందో చెప్పలేదు. అందుచేత నిల్వలు, హామీలు, బీమా వంటి సామూహిక నిర్ణయాలలో వీటి ఉపయోగం ఎక్కువ.

ఇవి కూడా చూడండి

సంభావ్యత
గణాంక శాస్త్రం
ఘాతీయ విభాజనం
సామాన్య విభాజనం
కల్యంపూడి రాధాకృష్ణారావు
బోరుబావి
పెద్దమండ్యం